పేజీ తొమ్మిది, పేరా రెండు

"కవళ్లో... కవళ్లు..."

వీధి మలుపులో చేపలమ్మే గురమ్మ కేక వినబడగానే ఎలీసమ్మ చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేసింది.

మంగళవారం, శనివారం ఆ కేక వినబడితే గిన్నె పట్టుకుని మెట్ల మీదికి రావడం ఆమెకు అలవాటు. ఈ శనివారం మాత్రం ముందు వెనక గదిలోకి వెళ్లింది.

అరుణశ్రీ గోడవైపు తిరిగి చాప మీద కూర్చుని ఉంది. తల్లి గొంతు ఆ పిల్లకీ వినబడింది. మోకాళ్ల చుట్టూ వేసుకున్న చేతులు ఇంకాస్త బిగించింది తప్ప లేవలేదు.

"మీ అమ్మొస్తన్నాది. చెప్పేద్దామా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది. గురువారం సాయంత్రం ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి ఏది అడిగినా అదే జవాబు. అన్నం తింటావా అన్నా అదే. కాలేజీకి వెళ్తావా అన్నా అదే.

ఎలీసమ్మ తలుపు దగ్గరగా వేసింది. గడియ పెట్టడానికి చెయ్యి రాలేదు.

గురమ్మ అప్పటికే తట్ట దించి మెట్టు మీద కూలబడింది.

"ఏటి పెద్దమ్మా, ఇయాల ఇంత ఆలీసం? గిన్నేదీ? సేపలు నీ కొంగులో పొయ్యాలా?"

"వస్తన్నానే. మోకాళ్లు రావద్దూ?"

"ప్రార్థనకయితే బాగానే వంగుతాయి నీ మోకాళ్లు. నా కాడికొచ్చేసరికే నొప్పులు."

ఇంకో రోజయితే ఎలీసమ్మ మాటకు మాట అప్పగించేది. ఇవాళ గిన్నె చాపి ఊరుకుంది. గురమ్మ కత్తిపీట ముందుకు లాక్కుని కవళ్లు కోయడం మొదలుపెట్టింది. కళ్లు చేపల మీద లేవు, చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

"నా గుంట ఫోన్ సేసినాదా? పది రోజులైపోనాది. మీ మెర్సీ మేడం నంబరుకయినా సేస్తాదని సూస్తన్నాను."

"పరీక్షలంట," అంది ఎలీసమ్మ.

"మరే. పెద్ద సదువు కదా." గురమ్మ ముఖం వెడల్పయింది. "నిన్న వీరావలి నుంచి దాని అయ్య పక్కింటోళ్ల ఫోనుకి సేసినాడు. బోటు మీద గుజరాతీవోడికి కూడా సెప్పేసినాడంట, మా అమ్మి ఇంగిలీసు గుక్క తిప్పుకోకుండా సెప్తాదని. ఆడికేటి అర్థమవుతాది, ఈడికేటి అర్థమవుతాది?"

ఆగస్టు వస్తే ఆ ఊళ్లో సగం మంది మగవాళ్లుండరు. గుజరాత్ వైపు వేరావల్ బోట్ల మీద పనికి రైలెక్కేస్తారు. వాళ్లకు అది వీరావలి. మళ్లీ వేసవికి గాని రారు. ఈ ఏడు గురమ్మ మొగుడు లక్ష్ముడు రైలెక్కిన వారానికే కూతురు హాస్టలుకు బయల్దేరింది. ఒకే వారంలో రెండుసార్లు గురమ్మ చెయ్యి ఊపింది. ఆ రెండోసారి పక్కన ఎలీసమ్మ కూడా ఉంది.

"అక్కడ తిండెలగున్నాదో ఏటో," అంది గురమ్మ.

"చేపల్లేక ముద్ద దిగడం లేదంటన్నాది. కల్లోకి కూడా నీ తట్టే వస్తన్నాదంట." ఆ మాట ఎలీసమ్మ నోట్లోంచి తనంతట తనే వచ్చేసింది.

గురమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూనే తట్ట అడుగు నుంచి పాత చీర ముక్కలో కట్టిన పొట్లం తీసింది. "నాకు తెలుసు, అందికే తెచ్చినాను. నెత్తళ్లు. ఇసకలో కాదు, వల పరిచి ఎండేసినాను, పంటికింద రాయి తగల్దు. మీ అల్లుడుగారి బస్సు ఆ రూటే కదా. హాస్టల్ గేటు కాడ ఇచ్చెయ్యమను. అందుతాదా?"

పొట్లం ఎలీసమ్మ చేతిలో వెచ్చగా ఉంది.

"అందుతాది," అంది.

గురమ్మ తట్ట నెత్తికెత్తుకుని నవ్వుముఖంతోనే వెళ్లిపోయింది. ఎలీసమ్మ పొట్లం పట్టుకుని వెనక గదివైపు నడిచింది. మెట్ల నుంచి ఆ తలుపుకు పన్నెండు అడుగులు కూడా ఉండవు.

* * *

మధ్యాహ్నం ఎలీసమ్మ కూతురు మెర్సీ బళ్లో స్పెషల్ క్లాసు ముగించుకుని వచ్చేసరికి ఆమె భర్త బెన్హర్ భోజనానికి కూర్చున్నాడు. గురువారం అరుణశ్రీని ఈ ఇంటికి తెచ్చింది అతనే. హాస్టల్ వదిలేసి వస్తూ అతను కండక్టరుగా ఉన్న బస్సులోనే ఆ పిల్ల ఎక్కింది. మత్స్యకారుల వీధి దగ్గర బస్సు ఆగితే దిగనంది. చివరి స్టాపులో కూడా సీటు వదల్లేదు. ఏం చేయాలో తోచక ఇంటికి తీసుకొచ్చాడు.

మెర్సీ హ్యాండ్‌బ్యాగు తియ్యకుండానే అంది. "కాలేజీ నుంచి మళ్లీ ఫోనమ్మా. సోమవారం పది గంటలకి కమిటీ కూర్చుంటుందట. తల్లో తండ్రో రావాలి. రాకపోతే పేరు తీసేస్తారు."

"ఏటని తీసేస్తారు?"

"తెలీనట్టు అడుగుతావేంటి? కాపీ కొట్టిందని."

బెన్హర్ చెయ్యి కంచంలో ఆగింది. ఎలీసమ్మ అతని కంచంలో ఇంకో చేప వేసింది. అతను వద్దనలేదు, తినలేదు.

ఆ సంగతి మెర్సీకి శుక్రవారమే ఫోనులో చెప్పారు. అప్లికేషన్లో గురమ్మకు ఫోన్ లేదని మెర్సీ నంబరే రాశారు. ఫిజిక్స్ పరీక్షలో వేడి గురించి ప్రశ్న ఇచ్చారట. అరుణశ్రీ నాలుగు పేజీలు రాసింది. లెక్చరరుకు అనుమానం వచ్చి పదో తరగతి పుస్తకం తెప్పించి పక్కన పెట్టుకుని చూశాడు. మాటకు మాట, కామాకు కామా అదే. అంతటితో పోయేదేమో. ప్రతి జవాబు మొదట్లోనూ చివర్లోనూ పిల్ల పేజీ నంబరు, పేరా నంబరు వేసింది. పుస్తకం ఒళ్లో పెట్టుకుని రాసిందనడానికి ఇంకేం కావాలి? పోనీ, రాసినదాన్ని నీ మాటల్లో చెప్పమన్నారు. ఇంగ్లీషులో అడిగారు, తర్వాత తెలుగులోనూ అడిగారు. పిల్ల నిలబడిపోయింది.

ఆ పేజీ నంబరు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

ఐదేళ్ల కిందట హైస్కూల్లో ఆరో తరగతికి ఇంగ్లీషు మీడియం సెక్షను పెట్టినప్పుడు సైన్సు మెర్సీ మీద పడింది. ఆమె చదువంతా తెలుగులో సాగింది. మొదటి నెల ఇంగ్లీషు వాక్యం చదివి తెలుగులో విప్పి చెప్పేది. ఒకరోజు గురమ్మే ఇద్దరు ఆడవాళ్లను వెంటేసుకుని కిటికీ దగ్గర నిలబడింది. "తెలుగు సెప్పడానికి పక్క సెక్షనుంది కదా మేడం. మా గుంటల్ని ఇందల ఎందుకేసినాం?" అంది. ఆ వారమే తనిఖీకి వచ్చిన అధికారి కూడా రిజిస్టర్లో ఎర్ర సిరాతో అదే రాశాడు. మెర్సీ ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఏడ్చింది.

అప్పుడు ఎలీసమ్మ అంది. "చదవడం రాని పిల్లల నోట అన్నిటికన్నా పొడుగైన నూట పంతొమ్మిదో కీర్తన సగం పలికించాను నేను. నీ పాఠమెంత?"

సండే స్కూల్లో ఆమె పద్ధతి అది. మొదటి పిల్ల ఒక వాక్యం చెప్తుంది. రెండో పిల్ల అది చెప్పి దానికి ఇంకోటి కలుపుతుంది. అలా గొలుసు సాగుతుంది. ఎక్కడ తెగితే అక్కణ్ణుంచి మళ్లీ మొదలు. వాక్యానికి ముందూ వెనకా అధ్యాయం, వచనం చెప్పితీరాలి. చెప్పకపోతే అది కంఠత వాక్యం కాదు. మిషన్ చర్చిలో ముత్తాతల నాటి నియమం. సైన్సు పుస్తకానికి అధ్యాయం, వచనం ఉండవు గనుక పేజీ, పేరా పెట్టారు. రోజూ సాయంత్రం ఈ ఇంటి అరుగు మీద పిల్లలు వరసగా కూర్చుంటే ఎలీసమ్మ పుస్తకం పట్టుకునేది. బొబ్బిలి మిషన్ బళ్లో ఎనిమిదో తరగతి వరకు చదివింది కాబట్టి ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, తప్పు పోతే పట్టుకోగలదు. అంతవరకే.

పడవలు ఒడ్డుకొచ్చిన రోజు సగం మంది పిల్లలుండేవాళ్లు కాదు. వాళ్ల వాక్యాలన్నీ అరుణశ్రీ చెప్పేది. అలా పుస్తకం మొత్తం ఆ పిల్ల ఒక్కదానిలోకి వచ్చి చేరింది. పదో తరగతిలో అందరూ పాసయ్యారు. పరీక్షలో పేజీ నంబరు వెయ్యొద్దని మెర్సీ వందసార్లు చెప్పింది, ఎవరూ వెయ్యలేదు. కొత్త చోట, కొత్త భయంలో, అరుణశ్రీ చెయ్యి అలవాటైన దారిన పోయింది.

"నేను వెళ్తాను," అంది మెర్సీ. "పిన్నినని చెప్తాను. భయపడి చీటీ పెట్టింది, క్షమించండి, ఇంకెప్పుడూ చెయ్యదని రాసిస్తాను. మొదటి తప్పని వదిలేస్తారు. సీటు నిలుస్తుంది."

"నేను కాపీ కొట్టలేదు మేడం."

ముగ్గురూ అటు చూశారు. వెనక గది తలుపు జానెడు తెరుచుకుని ఉంది. ఈ ఇంటికి వచ్చాక ఆ పిల్ల నోట వచ్చిన మొదటి మాట అది.

"నాకు తెలుసే," అంది మెర్సీ నీరసంగా. "తెలుసు కాబట్టే..."

"కొట్టలేదు." తలుపు మళ్లీ మూసుకుంది.

ఎలీసమ్మ గొంతు తగ్గించింది. "చెయ్యని తప్పు దాని నెత్తిన పెట్టి వస్తావా?"

"మరేం చెప్పమంటావు? నిజం చెప్పనా? మా అమ్మ పేజీ నంబర్లతో బట్టీ పట్టించిందండీ, నేను సంతకం పెట్టానండీ అని చెప్పనా? ఐదేళ్లలో ఏ పిల్లకీ ఒక్క ముక్క అర్థం కాలేదండీ, రిజల్టు మాత్రం నూటికి నూరండీ అననా?"

"అత్తయ్య ఉద్దేశం..." అన్నాడు బెన్హర్.

"మీరు తినండి." మెర్సీ తల్లివైపు తిరిగింది. "నాకెవరు నేర్పారమ్మా? ఐదు రోజులు ట్రైనింగన్నారు. ట్రైనింగిచ్చినాయన ఇంగ్లీషులో చెప్పాడు. ఆయన అర్థమైందా అంటే నలభైమంది టీచర్లం ఎస్ సార్ అన్నాం. అక్కడ నేనన్న ఎస్ సారే ఇక్కడ పిల్లల చేత అనిపించాను. నువ్వు దారి చూపించావు, ఆ దారిన పడ్డాను. ఇప్పుడు దారి తప్పంటే ఎలా? ఈ ఏడు పదిలో ముప్పై ఒక్కమందున్నారు. వాళ్లంతా గొలుసు మధ్యలో ఉన్నారు."

బెన్హర్ కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

* * *

ఎండ తగ్గాక ఎలీసమ్మ నెత్తళ్ల పొట్లం పట్టుకుని వెనక గదిలోకి వెళ్లింది. నాలుగు వేయించి పెడితేనైనా ముద్ద దిగుతుందేమోనని ఆశ. పొట్లం విప్పగానే పిల్ల తల తిప్పింది. వాసనకే ఎవరు తెచ్చారో పోల్చుకుంది.

"అమ్మ నవ్విందా మామ్మా?"

"నవ్వింది."

పిల్ల మళ్లీ గోడవైపు తిరగబోయింది. ఎలీసమ్మ పక్కన చాప మీద కూలబడింది.

పదేళ్లప్పుడు తన తల్లి తనను బొబ్బిలి బోర్డింగు గేటు దగ్గర వదిలి వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. ఆ మొదటి నెలలు ఎలీసమ్మను నిలబెట్టినవి అర్థం తెలియని వాక్యాలే. దుప్పటి కప్పుకున్నట్టు కప్పుకునేది వాటిని. భర్త అబ్రహాం విశాఖ ఆస్పత్రిలో, ఆమె టీ కోసం కిందికి దిగిన పది నిమిషాల్లో వెళ్లిపోయినప్పుడు కూడా నోటికొచ్చింది వాక్యమే. అందుకే నోటికి రావడమంటే ఆమె దృష్టిలో లోపలికి చేరడమే. ఆ రెంటి మధ్య దూరముందని ఎప్పుడూ అనుకోలేదు.

"అమ్మీ, ఆ తొమ్మిదో పేజీ ఒకసారి నాకు చెప్పు."

పిల్ల కళ్లు మూసుకుంది. "పేజ్ నైన్, పేరా టూ. ఎవాపరేషన్ ఈజ్ ఎ సర్ఫేస్ ఫినామినన్..." ఎక్కడా ఆగకుండా, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడే తీసుకుంటూ, చివర మళ్లీ పేజీ, పేరా చెప్పి ఆగింది.

"ఏటి దానర్థం?"

"తెలీదు మామ్మా."

"నాకూ తెలీదు." ఎలీసమ్మ తన చేతులవైపు చూసుకుంది. "అరుగు మీద ఐదేళ్లు పలికించాను. నాకు తెలీదని ఒక్కరోజూ నాకు తోచలేదే."

మెర్సీ గుమ్మంలోకి వచ్చి నిలబడి ఉంది. "బాష్పీభవనం ఉపరితల దృగ్విషయం," అంది. "అదే దానర్థం. మేం అలాగే చదువుకున్నాం."

అరుణశ్రీ ఆమెవైపు చూసింది. ఇంగ్లీషు విన్నప్పుడు ఎలా చూస్తుందో అలాగే చూసింది.

"ఇది ఏ భాషే?" అంది ఎలీసమ్మ.

"తెలుగే."

ముందు గదిలో బెన్హర్ నవ్వబోయి దగ్గాడు. మెర్సీ ముఖం ఎర్రబడింది.

ఎలీసమ్మ పొట్లంలోంచి గుప్పెడు నెత్తళ్లు తీసి చేటలో పోసింది. ఒక్కటీ పురుగు పట్టలేదు, ఒక్కటీ మెత్తబడలేదు. "నేనెండబెడితే సగం కుళ్లి కంపుకొడతాయి. మీ అమ్మ ఏటి మంత్రమేస్తాదో."

"మంత్రమేటి మామ్మా. నువ్వు కుప్ప పోసుంటావు." పిల్ల చెయ్యి దానంతట అదే చేటలోకి వెళ్లి చేపలను విడదీసి పరిచింది. "ఇలగ పలచగా పరవాల. పై పక్కే కదా ఆరతాది? కుప్ప పోస్తే అడుగువి ఆరవు, మురిగిపోతాయి. మజ్జిలో తిరగెయ్యాల, అప్పుడా పక్కా ఆరతాది. గాలుంటే ఇంకా బేగి."

"మళ్లీ చెప్పు," అంది మెర్సీ.

పిల్ల బెదిరింది. "ఏటి మేడం?"

"ఏ పక్క ఆరుతుందన్నావు?"

"పై పక్క."

మెర్సీ వచ్చి నేల మీద కూర్చుంది. ఒక చేపను తీసి వేలితో దాని వీపు నిమిరింది. "ఆ పై పక్కనే సర్ఫేస్ అంటారు. నీళ్లు ఆవిరై పోయేది అక్కణ్ణుంచే. లోపల్నుంచి కాదు. ఎంత పలచగా పరిస్తే అంత పైపక్క దొరుకుతుంది."

పిల్ల పెదాలు కదిలాయి. వాక్యం మొదలుపెట్టింది. ఈసారి పరుగు లేదు. సర్ఫేస్ దగ్గర ఆగి, చేప వీపు ముట్టుకుంది. "ఇదేనా?"

"అదే."

"ఇంతేనా మేడం?"

మెర్సీ తలూపింది.

"ఇది నాకు ముందే తెలుసు కదా." పిల్ల గొంతు సన్నబడింది. "చిన్నప్పట్నుంచి తెలుసు. మరి ఐదేళ్లు ఎందుకు సెప్పలేదు మేడం?"

ఒక్క వాక్యానికి గంట పట్టింది. పుస్తకంలో అలాంటివి ఎన్నున్నాయో మెర్సీకి తెలుసు. సోమవారానికి మిగిలింది ఒక్క ఆదివారం.

"మా ఈది బుల్లమ్మ సెప్పినాది," అన్న మాట గుమ్మంలో వినబడింది.

గురమ్మ. తట్ట లేదు, చేతులు ఖాళీగా వేలాడుతున్నాయి. ఎప్పుడొచ్చిందో. "గురువారం అల్లుడుగారి బస్సులో నీ గుంట అగుపించినాదే అని బుల్లమ్మ సెప్తే, ఎవులినో సూసుంటావు ఎల్లెల్లు అని తిట్టినాను దాన్ని."

అరుణశ్రీ లేచి నిలబడింది. తల్లి దగ్గరికి వెళ్లలేదు. తల్లీ గుమ్మం దాటలేదు.

"ఎన్నాళ్లయినాది?"

"మూడు రోజులు," అంది ఎలీసమ్మ.

"మూడు రోజులు." గురమ్మ వంగి, చేటలో పరిచిన నెత్తళ్లను ఏరి మళ్లీ పొట్లంలో వేయడం మొదలుపెట్టింది. "పొద్దున్న నన్ను నవ్వించినావు పెద్దమ్మా. కల్లోకి నా తట్టొస్తన్నాదని సెప్పినావు. నవ్వీసినాను కదా నాను. ఈది పొడుగునా నవ్వుకుంటా పోనాను కదా."

ఎలీసమ్మ తల వంచుకుంది.

జరిగిందంతా పిల్లే చెప్పింది. పేజీ నంబరు, లెక్చరరు, నిలబెట్టడం, కమిటీ. మధ్యలో మెర్సీ అందుకోబోతే గురమ్మ చెయ్యెత్తి ఆపింది. అంతా విన్నాక పొట్లం ముడి వేసింది.

"అయితే ఇది సదివింది ఏటీ దీనికి తెలీదు."

"తెలీదమ్మా."

"మరి అడగనేదేటి? రేవుకాడ వేలంపాట పెట్టినప్పుడు ధర నాకర్థం కాకపోతే పదిసార్లు అడుగుతాను. నా సిగ్గేటి పోద్ది?"

"అడగడానికి కూడా ఇంగిలీసే కావాల అమ్మా."

గురమ్మ మెర్సీవైపు చూసింది. "కిటికీ కాడ నిలబడి తెలుగొద్దన్నది నానే మేడం. మర్సిపోనేదు." తర్వాత ఎలీసమ్మ వైపు తిరిగింది. "సోమవారం నానెల్తాను. కానీ నా మాట ఆళ్లు ఇంటారా? సేపలమ్ముకునేదానికేటి తెలుసంటారు. ఇది దొంగ కాదని, పేజీ లెక్క ఎవులు నేర్పినారో నేర్పినవోళ్లే సెప్పాల. నువ్వు రా పెద్దమ్మా."

"గురమ్మా, ఆవిడెందుకు, నేను..." అంది మెర్సీ.

"నువ్వు దీని సేత తప్పొప్పిస్తానంటన్నావంట కదా. అది నాకొద్దు. దొంగని ముద్దరేసి పంపేస్తే ఇంకే బడి సేర్సుకుంటాది? సోమవారం ఆరింటికి మా ఈది సివర రొయ్యల కంపినీ వేను ఆగుతాది. ఆరూ పావుకి బస్సు. రెండూ ఒక్క కాడే. నువ్వొస్తే బస్సెక్కుతాం పెద్దమ్మా. రాకపోతే దీన్ని వేనెక్కించేస్తాను. రొయ్య తలకాయ తియ్యడానికి ఇంగిలీసక్కర్నేదు."

"అమ్మా," అంది అరుణశ్రీ.

"నడు."

పిల్ల సంచి అందుకుంది. గుమ్మం దగ్గర ఆగి ఎలీసమ్మవైపు ఒకసారి చూసింది. అడగలేదు. బోర్డింగు గేటు దగ్గర తను తల్లి వీపువైపు ఎలా చూసిందో ఎలీసమ్మకు గుర్తొచ్చింది.

* * *

వాళ్లు వెళ్లాక, పొయ్యి వెలిగించాల్సిన వేళకు మెర్సీ అంది.

"వెళ్తావు. నీ ముఖం చూస్తే తెలుస్తోంది."

"వెళ్లకపోతే పిల్ల వేనెక్కుతాదే."

"నువ్వక్కడ చెప్పేది ఆ గదిలో ఆగదు. రాసుకుంటారు. జిల్లాకి పంపుతారు. సెక్షన్ ఎత్తేస్తారు, నాకు మెమో ఇస్తారు. ఆ ముప్పై ఒక్కమందిని నడిమధ్యలో ఎవరు తీసుకుంటారు? మార్చి వరకు ఆగు. ఆ పరీక్షలయ్యాక నేనే చెప్తాను, నీ పేరు రానివ్వను."

"మార్చి వరకు అరుణశ్రీ ఎక్కడుంటాది?"

"ఒక్క పిల్ల కోసం..."

"ఆ ముప్పై ఒక్కమందీ రేపు అదే గదిలో నిలబడతారు కదే మెర్సీ."

మెర్సీ చేతిలోని గరిటె పొయ్యి గట్టు మీద పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది. "సోమవారం నువ్వు ఆ బస్సెక్కితే, తిరిగి ఈ ఇంటికి రావద్దమ్మా."

బెన్హర్ "మెర్సీ" అన్నాడు. ఆమె అప్పటికే పెరట్లోకి వెళ్లిపోయింది.

ఆదివారం సండే స్కూల్లో పిల్లలు ఎప్పటిలాగే గొలుసు మొదలుపెట్టారు. ముందూ వెనకా అధ్యాయం, వచనం. పదిహేడు మంది, ఎక్కడా తెగలేదు. అయిపోయాక భేష్ అంటుందని ఎదురు చూశారు. ఎలీసమ్మ వాళ్ల ముఖాలు ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయింది. భేష్ రాలేదు. చివరికి ఒక చిన్నపిల్ల, "తప్పెక్కడ పోయిందమ్మగారూ?" అంది.

"మీ దగ్గర కాదమ్మా," అంది ఎలీసమ్మ.

సాయంత్రం గుడ్డ సంచిలో రెండో చీర పెట్టుకుంది. కళ్లజోడు, బైబిలు పెట్టుకుంది. పదో తరగతి సైన్సు పుస్తకం తీసింది, తొమ్మిదో పేజీ దగ్గర అట్టముక్క పెట్టి మూసింది. ఈ ఇంటికి వచ్చి తొమ్మిదేళ్లయింది. సంచి ఇంకా సగం ఖాళీగానే ఉంది.

మెర్సీ గదిలోకి వచ్చింది. నిన్నటి నుంచి మాటలు లేవు. అలమారలోంచి తల్లి బీపీ మాత్రల డబ్బా తీసి, మంచం మీద తల్లికి ఎదురుగా కూర్చుంది. చిన్న కవరు నోరు తెరిచి పట్టుకుంది. మాత్రలు తల్లి తనంతట తాను ఎప్పుడూ సరిగ్గా వేసుకోదు. తొమ్మిదేళ్లుగా అన్నం అయ్యాక చేతిలో పెట్టేది మెర్సీయే.

ఒక్క మాత్ర కవర్లో పడింది. రెండోది వేళ్ల మధ్య ఆగింది.

"ఎన్నాళ్లకి పెట్టమంటావు?" అంది మెర్సీ, తల ఎత్తకుండా.

ఎలీసమ్మ నోరు తెరిచింది. తిరిగి రమ్మంటోందో, పొమ్మంటోందో, ఆ ప్రశ్న ఏమడుగుతోందో ఆమెకు తెలియలేదు.